వేడికి చివరి మజిలీ

ఎన్విడియా హెచ్100 ప్రాసెసర్‌లోని సిలికాన్ పలక వైశాల్యం 814 చదరపు మిల్లీమీటర్లు. పక్కనే పేర్చిన మెమరీతో కలిపి అది 700 వాట్ల దాకా వేడిని వదులుతుంది. అందులో పెద్ద వాటా ఆ ఒక్క పలకదే. రైలింజన్లలో మోటార్లకు కావలసిన తీరుగా కరెంటును మలిచే ఐజీబీటీ మాడ్యూళ్ల అడుగున చదరపు సెంటీమీటరుకు 100 వాట్లు మామూలు సంగతి. రాడార్లలో వాడే గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్ల లోపల, కరెంటు పారే సన్నని దారుల దగ్గర, అదే కొలతలో వేడి కిలోవాట్లకు చేరుతుంది. ఇంత వేడిని ఫ్యాను గాలితో తీయడం కుదరదు. నీళ్లు పారించి తీయవచ్చు, ఈ రోజు ఎక్కువ చోట్ల చేస్తున్నది అదే. మరో దారి కూడా ఉంది. వేడి పుట్టిన చోటే ద్రవాన్ని మరగనిచ్చి, ఆ ఆవిరిని దూరంగా తీసుకెళ్లి మళ్లీ ద్రవంగా మార్చి, వెనక్కి పంపడం.

ఈ రెండో దారికి బెంగళూరులో చాలా పాత చరిత్ర ఉంది. జాలహళ్లిలో రేడియో వాల్వులు, విమానపురలో ఉపగ్రహాలు, మైసూరు రోడ్డులో రైలింజన్ల కన్వర్టర్లు, మల్లేశ్వరం పక్కన భారతీయ విజ్ఞాన సంస్థ ప్రయోగశాలలు, ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు డేటా సెంటర్లు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఒకటే. మరిగే ద్రవంతో చల్లబరచడంలో భౌతికశాస్త్రం ఎప్పుడో తేలిపోయింది. గెలుపోటములను తేలుస్తున్నవి రెండు ప్రశ్నలు: ఏ ద్రవం? ఆ వేడి చివరికి ఎక్కడికి పోతుంది? మొదటి దాని గురించి బోలెడు పరిశోధన జరుగుతోంది. రెండో దాన్ని మాత్రం టెండర్లలోనూ ప్రకటనల్లోనూ చివరి పేజీకి నెట్టేస్తున్నారు.

లీటరు నీటిని 10 డిగ్రీలు వేడెక్కించడానికి 42 కిలోజౌళ్లు చాలు. అదే లీటరును ఆవిరి చేయాలంటే 2,257 కిలోజౌళ్లు కావాలి, అంటే 50 రెట్లకు పైనే. బడిలో గుప్తోష్ణమని చదువుకున్నది ఇదే. దీని లాభాలు రెండు. కొద్దిపాటి ద్రవం చాలా వేడిని మోస్తుంది. పైగా మరుగుతున్నంతసేపూ దాని ఉష్ణోగ్రత పెరగదు, కాబట్టి ముందున్న చిప్పు, వెనకున్న చిప్పు ఒకే చల్లదనాన్ని చూస్తాయి. మరిగే ఉష్ణోగ్రతను ఒత్తిడితో మనమే నిర్ణయించుకోవచ్చు. సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో మూతలేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూసిన పాత్రలో ఒత్తిడిని వాతావరణంలో అయిదో వంతుకు దించితే 60 డిగ్రీలకే మరుగుతాయి.

అయితే మరగడానికి ఒక హద్దుంది. జపాన్‌లోని తొహొకు విశ్వవిద్యాలయంలో నుకియామా షిరో 1934లో నీటిలో సన్నని లోహపు తీగలను కరెంటుతో వేడి చేసి ఆ హద్దును కొలిచాడు. వేడి పెరిగే కొద్దీ బుడగలు పెరుగుతాయి, చల్లదనమూ పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక బుడగలన్నీ కలిసి ఆవిరి పొరగా మారి ఉపరితలాన్ని కప్పేస్తాయి. ద్రవం ఇక తాకదు, తీగ క్షణాల్లో ఎర్రబడి కరిగిపోవచ్చు. దోసెల పెనం మరీ కాలినప్పుడు చిలకరించిన నీళ్లు ఇగిరిపోకుండా బొట్లుగా దొర్లడం వంటింట్లో అందరూ చూసేదే. అక్కడా ఇదే ఆవిరి పొర. ఎలక్ట్రానిక్స్‌లో ఆ పొర ఏర్పడిందంటే పరికరం పోయినట్టే. మామూలు వాతావరణ ఒత్తిడిలో నునుపైన ఉపరితలం మీద నిలవ నీటికి ఈ హద్దు చదరపు సెంటీమీటరుకు 110 వాట్లకు కాస్త అటూ ఇటూ. కరెంటు పారనివ్వని ఫ్లోరిన్ ద్రవం ఎఫ్‌సీ-72కు అది 15 నుంచి 20 వాట్లే. గత అరవై ఏళ్ల పరిశోధనలో సగం ఈ హద్దును పైకి జరపడానికి చేసినదే. ఉపరితలాన్ని గరుకు చేయడం, రంధ్రాల లోహపు పూత వేయడం, ద్రవాన్ని జెట్టుగా చిమ్మడం, సన్నని చాళ్లలో పారించడం అన్నీ అందులోవే.

జాలహళ్లిలో భారత్ ఎలక్ట్రానిక్స్ 1954లో మొదలైంది. ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రాల కోసం ఆ సంస్థ చేసిన 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌లో ప్రధాన వాల్వు, ఆవిరి సాంద్రీకరణ పద్ధతిలో చల్లబడేది. వాల్వు ఆనోడు చుట్టూ శుద్ధమైన నీరు తిరుగుతుంది, ఆనోడు తాకిడికి ఆవిరవుతుంది, ఆ ఆవిరి మళ్లీ నీరై వేడిని మరో వలయానికి అప్పగిస్తుంది. దీని మూలం ఫ్రాన్స్‌లో ఉంది. 1950ల్లో థామ్సన్ కంపెనీలో షార్ల్ బోర్తెరె ఆనోడు మీద మందపాటి పళ్లు చెక్కి, వాటి మొదట్లో ఆవిరి పొర ఏర్పడినా చివర్లు తడిగానే ఉండేలా చేశాడు. నుకియామా చూపిన హద్దును దాటినా వాల్వు కరగలేదు. ఆ ఆలోచన తర్వాత హైపర్‌వాపోట్రాన్ పేరుతో కేంద్రక సంలీన యంత్రాల్లోకీ వెళ్లింది. అంటే పల్లెల్లో ట్రాన్సిస్టర్ రేడియోల్లో వార్తలూ వ్యవసాయ కార్యక్రమాలూ వింటున్న కాలానికే మనవాళ్ల ఇంజనీర్లు మరిగే నీటితో విద్యుత్ పరికరాలను చల్లబరుస్తూ షిఫ్టులు నడిపారు. ఈ విషయం ఇవాళ డేటా సెంటర్ల సదస్సుల్లో ఎవరూ గుర్తు చేయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. నీటి శుద్ధి ఎలా కాపాడాలి, వాహకత పెరిగితే ఏమవుతుంది, పొలుసు కడితే ఏం చేయాలి అన్న అనుభవం ఆ ట్రాన్స్‌మిటర్ గదుల్లో దండిగా పోగైంది.

రైళ్లది వేరే కథ. 1970, 80ల్లో జపాన్ విద్యుత్ రైళ్ల కింద ఉండే, మోటార్లకు పోయే కరెంటును అదుపు చేసే చాపర్ పరికరాలను ఆర్-113 అనే ఫ్రియాన్‌లో ముంచి మరిగించి చల్లబరిచేవారు. దాని మరుగు స్థానం 47.6 డిగ్రీలు. కరెంటు పారనివ్వదు, మంటంటుకోదు, ఎలక్ట్రానిక్స్ కోసమే పుట్టిందా అనిపించే ద్రవం. ఓజోన్ పొరను తినేస్తుందని తేలడంతో 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని ఇంటికి పంపింది. దాని చోటులోకి పర్‌ఫ్లోరోకార్బన్లు వచ్చాయి. అవి ఓజోన్ జోలికి పోవు కానీ గాలిలో వేల ఏళ్లు నిలిచి భూమిని వేడెక్కిస్తాయి. 1997 క్యోటో ఒప్పందం వాటినీ జాబితాకెక్కించింది. చివరికి జపాన్ ఇంజనీర్లు ద్రవాన్ని మార్చుకోవడం మాని వేడినే తగ్గించారు. 2020లో పట్టాలెక్కిన ఎన్700ఎస్ షింకన్‌సెన్‌లో సిలికాన్ కార్బైడ్ పరికరాల వల్ల విద్యుత్ నష్టం తగ్గి, బ్లోయర్లు కూడా లేకుండా రైలు పరుగుకు తగిలే గాలితోనే కన్వర్టర్ చల్లబడుతోంది.

మన రైల్వే మరిగే ద్రవాల వైపు వెళ్లనే లేదు. 1990ల మధ్యలో ఏబీబీ పరిజ్ఞానంతో వచ్చిన డబ్ల్యూఏజీ-9 తరహా మూడు ఫేజుల ఇంజన్లలో జీటీఓ అనే స్విచ్చులతో నడిచే కన్వర్టర్లను నూనెతో చల్లబరిచేవారు. తర్వాత వచ్చిన ఐజీబీటీ కన్వర్టర్లలో నీరు, గ్లైకాల్ కలిపిన మిశ్రమం తిరుగుతుంది. మైసూరు రోడ్డులోని బీహెచ్ఈఎల్ ఎలక్ట్రానిక్స్ విభాగం ఈ కన్వర్టర్లు తయారు చేస్తోంది. లోకో షెడ్డులో పనిచేసేవారికి పంపు, గొట్టం, కారుతున్న జాయింటు వెంటనే అర్థమవుతాయి. మూసిన పాత్రలో ఒత్తిడి కింద మరిగే ద్రవం లీకైతే కంటికి కనిపించదు, నింపడానికి ప్రత్యేక సరంజామా కావాలి. ఈ ఎంపికను వెనకబాటని నేను అనను, బాగు చేయగలిగినదాన్ని ఎంచుకున్నారు.

బెంగళూరుకు ఉత్తరాన పావగడ ఉంది. కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందినా దాదాపు అన్ని వైపులా ఆంధ్ర నేల చుట్టుకున్న తాలూకా, ఇంటింటా తెలుగు వినిపించే చోటు. అక్కడి సౌర పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. ఇన్వర్టర్ల సమర్థత 98 శాతమనుకుంటే నడిమధ్యాహ్నం 40 మెగావాట్ల వేడి ఆ పెట్టెల్లోనే పుడుతుంది. అనంతపురం వైపు నుంచి వీచే గాలిలో దుమ్మెంతో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫ్యాను గాలి లోపలికి తీసుకుంటే ఫిల్టర్లు మూసుకుపోతాయి. ఇలాంటి చోట థర్మోసైఫన్ చక్కగా పనికొస్తుంది. పెట్టె మొత్తం సీలు చేసి, లోపల ద్రవం మరిగితే ఆవిరి బయటున్న రెక్కల గొట్టాల్లోకి ఎక్కి, చల్లబడి, గురుత్వాకర్షణతో తనంత తానే కిందికి జారుతుంది. పంపు లేదు, ద్రవాన్ని పీల్చి లాగే ఒత్తి కూడా అక్కర్లేదు, దుమ్ము లోపలికి రాదు. రాయలసీమ ఎండలకూ దుమ్ముకూ ఇంతకన్నా సరిపడే పద్ధతి నాకు కనిపించలేదు.

ద్రవాల విషయం ఇంకాస్త చూడాలి, ఎందుకంటే జపాన్ రైళ్లకు జరిగిందే కంప్యూటర్లకూ జరిగింది. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్‌ను ఫ్లోరినర్ట్‌లో ముంచి నడిపారు. అందులో ద్రవం మరగదు, పారుతుంది అంతే. 2021 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ వాషింగ్టన్ రాష్ట్రంలోని క్విన్సీ డేటా సెంటర్‌లో సర్వర్లను 50 డిగ్రీలకు మరిగే ద్రవంలో ముంచి నడిపి చూపించింది. ఇక భవిష్యత్తంతా దీనిదే అన్నారు. 2022 డిసెంబరులో 3ఎం కంపెనీ, పర్యావరణంలో విరిగిపోకుండా పేరుకుపోయే ఫ్లోరిన్ రసాయనాల తయారీని 2025 చివరికల్లా ఆపేస్తానని ప్రకటించింది. అందులో ఫ్లోరినర్ట్ ఉంది, నోవెక్ ఉంది. ఈ రంగంలో పరిశోధకులు నమ్ముకున్నవే అవి. ఓజోన్, వాతావరణ తాపం, తాగునీటిలో చేరే రసాయనాలు: మూడు తరాలు, మూడు కారణాలు, ప్రతిసారీ అనువైన ద్రవమే పోయింది. ఇప్పుడు శీతలీకరణ పరిశ్రమ నుంచి అరువు తెచ్చుకుంటున్న హెచ్ఎఫ్‌సీలకూ గడువుంది. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణ కింద భారతదేశం 2028లో వాటి వినియోగాన్ని ఉన్న చోట నిలిపి, 2032 నుంచి తగ్గిస్తూ, 2047కల్లా 85 శాతం కోయాలి. పాతికేళ్లు నడవాల్సిన యంత్రాన్ని ఇవాళ గీస్తున్న ఇంజనీరు ముందుగా చూడాల్సింది ద్రవం గుణాల పట్టిక కాదు, ఈ క్యాలెండరు.

ఇన్ని మార్పుల్లోనూ చెక్కుచెదరకుండా నిలిచినవి రెండే: నీరు, అమ్మోనియా. ఇక్కడే విమానపుర కథ వస్తుంది.

1975 ఏప్రిల్ 19న ఎగిరిన ఆర్యభట్ట బరువు 360 కిలోలు, పీణ్యలోని పారిశ్రామిక షెడ్లలో తయారైంది. 2018 డిసెంబరులో కౌరూ నుంచి వెళ్లిన జీశాట్-11 బరువు 5,854 కిలోలు. ఇంత పెద్ద సమాచార ఉపగ్రహంలో యాంప్లిఫయర్లు కిలోవాట్లలో వేడిని వదులుతాయి. అంతరిక్షంలో గాలి లేదు, నీళ్లు లేవు, వేడికి ఒకే దారి: కిరణాలుగా శూన్యంలోకి విసిరేయడం. 40 డిగ్రీల దగ్గరున్న మంచి రేడియేటర్ పలక చదరపు మీటరుకు 400 వాట్లకు కాస్త ఎక్కువ విసరగలదు, ఎండ పడితే అందులోనూ కోత. కాబట్టి ఎండ తక్కువ తగిలే ఉత్తర, దక్షిణ పలకలనే రేడియేటర్లుగా వాడతారు. చిక్కల్లా యాంప్లిఫయర్ కింద వేడి కుప్పగా ఉండటం. ఆ వేడిని పలక అంతటా పరిస్తే తప్ప అన్ని చదరపు మీటర్లూ పనిచేయవు. ఆ పని హీట్ పైపులది. తేనెపట్టు అల్లికతో చేసే పలకల లోపలే అల్యూమినియం గొట్టాలు పొదుగుతారు. గొట్టం లోపలి గోడ పొడవునా సన్నని చాళ్లు, అందులో కొద్దిగా అమ్మోనియా. వేడి చోట అమ్మోనియా ఆవిరై చల్లని కొసకు పోతుంది, అక్కడ ద్రవమై చాళ్లలో తలతన్యత లాగగా వెనక్కి వస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. బాగు చేయడానికి ఎవరూ వెళ్లలేని చోట పదిహేనేళ్లు నడవాల్సిన వస్తువుకు ఇంతకంటే ఏం కావాలి?

ఈ ఆలోచనకు 1944లో జనరల్ మోటార్స్‌కు చెందిన రిచర్డ్ గాగ్లర్ పేటెంటు పొందాడు, దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ మళ్లీ కనిపెట్టి పేరు పెట్టాడు. 1967లో మొదటిది కక్ష్యలో పనిచేసింది. నీరు అమ్మోనియా కన్నా ఎక్కువ వేడిని మోస్తుంది, కానీ ఉపగ్రహంలో పనికిరాదు. సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, పైగా అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ పుట్టిస్తుంది. ఆ వాయువు చల్లని కొసలో చేరి ఆవిరికి చోటివ్వదు. అమ్మోనియా మైనస్ 77 డిగ్రీల దాకా గడ్డకట్టదు, అల్యూమినియంతో గొడవ పడదు. ల్యాప్‌టాప్ లోపల మాత్రం రాగి గొట్టం, నీరే ఉంటాయి.

ఉపగ్రహాల హీట్ పైపులను నేల మీద పరీక్షించడంలోని అవస్థ కొద్దిమందికే తెలుసు. చాళ్లలో తలతన్యత లాగే బలం చాలా తక్కువ. వేడి కొస చల్లని కొస కన్నా కొన్ని మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటే భూమి ఆకర్షణ గెలిచి గొట్టం ఎండిపోతుంది. అందుకే ఉపగ్రహాన్ని శూన్య గదిలో పెట్టి పరీక్షించేటప్పుడు హీట్ పైపులున్న పలకలను మట్టం చూసి సమంగా నిలపాలి. కక్ష్యలోకి వెళ్లాక అక్కర్లేని ఆ మట్టం కోసం బెంగళూరులో ఇంజనీర్లు పడే శ్రమ చిన్నది కాదు. 2017 జూన్ 5న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ మార్క్-3 మోసుకెళ్లిన 3,136 కిలోల జీశాట్-19లో, కొత్తగా పరీక్షించిన పరిజ్ఞానాల జాబితాలో స్వదేశీ లిథియం అయాన్ బ్యాటరీతో పాటు సూక్ష్మ హీట్ పైపు కూడా ఉంది. ఎలక్ట్రానిక్ పెట్టె లోపలికే, చిప్పు దగ్గరికే హీట్ పైపును తీసుకెళ్లడానికి అది మెట్టు. దూరం ఎక్కువై, ఎత్తు కూడా ఎక్కాల్సి వస్తే లూప్ హీట్ పైపులు ఉన్నాయి. 1970ల్లో ఉరల్ ప్రాంతంలోని స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో యూరీ మైదానిక్ బృందం రూపొందించిన ఈ పద్ధతిలో, మైక్రాన్ల రంధ్రాలున్న లోహపు ఒత్తి వేడి కొసలో మాత్రమే ఉంటుంది, మిగతాది మామూలు సన్నని గొట్టం. మడిచి పంపి అక్కడ విప్పే రేడియేటర్లకు ఇవి వీలు కల్పించాయి.

వేడి నిరంతరం పుట్టదు, అప్పుడప్పుడు మాత్రమే పుడుతుంది అనుకోండి. అలాంటి పరికరాలకు కరిగే మైనం చాలు. భారతీయ విజ్ఞాన సంస్థలో సాహా, శ్రీనివాసన్, ప్రదీప్ దత్తా 2008లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ చెప్పుకోవాలి. మైనం వేడిని బాగా దాచుకుంటుంది కానీ లోపలికి పోనివ్వదు, అందుకని మధ్యలో లోహపు రెక్కలు పెడతారు. రెక్కలు పెరిగితే మైనానికి చోటు తగ్గుతుంది. ఘనపరిమాణంలో 8 శాతం లోహం ఉంటే ఫలితం అన్నిటికన్నా మెరుగని వాళ్లు తేల్చారు.

మళ్లీ చిప్పుల దగ్గరికి. సన్నని చాళ్లలో ద్రవాన్ని పారిస్తూ మరిగించడం మీద చాలా కాలం పనిచేసినవారిలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో శీతలీకరణ పరిశోధన కేంద్రాన్ని నడిపిన గరిమెళ్ల సురేశ్ ఒకరు. ఇంటిపేరు తెలుగువారికి కొత్తది కాదు. మద్రాసు ఐఐటీలో చదివి అమెరికా వెళ్లిన ఆయన 2024లో అరిజోనా విశ్వవిద్యాలయం అధ్యక్షులయ్యారు. ఈ పద్ధతిలోని అసలు ఇబ్బంది పక్కపక్కనున్న చాళ్ల మధ్య పోటీ. ఒక చాలులో ముందుగా ఆవిరి పుడితే అక్కడ అడ్డంకి పెరుగుతుంది, ద్రవం పక్క చాళ్లకు మళ్లుతుంది, వేడెక్కిన చాలు మరింత ఎండిపోతుంది. ప్రతి చాలు మొదట్లో సన్నని ద్వారం పెడితే ఇది అదుపులోకి వస్తుంది, దానికి పంపు ఎక్కువ శ్రమపడాలి.

100 కిలోవాట్ల సర్వర్ల ర్యాకును తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది. 10 డిగ్రీలు వేడెక్కేలా నీళ్లు పారించాలంటే నిమిషానికి దాదాపు 143 లీటర్లు కావాలి. కిలోకు 150 కిలోజౌళ్ల గుప్తోష్ణమున్న రిఫ్రిజెరెంటును సగానికి పైగా ఆవిరి చేస్తూ పారిస్తే బరువులో దాదాపు సగం చాలు. లాభం ఉంది, కానీ ప్రచారంలో వినిపించేంత కాదు. గుప్తోష్ణంలో నీటికి సాటి లేకపోవడమే కారణం. పోనీ నీటినే చిప్పు మీద 60 డిగ్రీలకు మరిగిద్దామంటే వ్యవస్థ అంతా పాక్షిక శూన్యంలో ఉండాలి, ఎక్కడ సందున్నా బయటి గాలి లోపలికి దూరి ఆవిరి మళ్లీ ద్రవం కావడాన్ని చెడగొడుతుంది. అందుకే ఈ రోజు పెద్ద ర్యాకుల్లో లోపల నీళ్లు పారే మామూలు లోహపు పలకలే గెలుస్తున్నాయి. చిప్పు ఒక్కోటి రెండు మూడు వేల వాట్లు దాటితే తూకం మారవచ్చని నా అంచనా.

ఇప్పటిదాకా చెప్పినదంతా వేడిని చిప్పు నుంచి గోడ దాకా తెచ్చింది. గోడ బయట ఏం చేస్తారు? చాలా చోట్ల కూలింగ్ టవర్ ఉంటుంది, అక్కడ మళ్లీ నీరే ఆవిరవుతుంది. ఈసారి తిరిగి రాదు. మామూలు ఉష్ణోగ్రతలో కిలో నీరు ఆవిరైతే 2,430 కిలోజౌళ్లు పోతాయి. ఆ లెక్కన మెగావాటు వేడికి గంటకు దాదాపు 1,480 లీటర్లు. 10 మెగావాట్ల కేంద్రానికి రోజుకు మూడున్నర లక్షల లీటర్లు, అంటే మనిషికి 135 లీటర్ల చొప్పున 2,600 మంది వాడకం. 2024 వేసవిలో బెంగళూరు ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయి. ఆ ఏడాది అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలై రోజుకు 77.5 కోట్ల లీటర్లు కలిశాయి; ఆ నీరు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి కరెంటు ఖర్చుతో కొండెక్కి వస్తుంది. సర్వర్లను చల్లబరచడానికి దాన్ని ఆవిరి చేయడం నాకు న్యాయంగా తోచదు.

దీనికి మార్గం బెంగళూరు వాతావరణంలోనే ఉంది. ఇక్కడ నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలు, 2016 ఏప్రిల్‌లో. చిప్పు దగ్గర ద్రవం 55, 60 డిగ్రీల మధ్య మరిగితే, ఆ ఆవిరిని అతి వేడి రోజున కూడా పొడి గాలితో, ఒక్క చుక్క నీరు ఖర్చు చేయకుండా మళ్లీ ద్రవంగా మార్చవచ్చు. గాలికీ ద్రవానికీ మధ్య పదిహేను డిగ్రీలకు పైగా తేడా మిగులుతుంది. మరిగే ద్రవం ఉష్ణోగ్రత అంతటా ఒకటే కాబట్టి ఆ తేడా మొత్తం అక్కరకొస్తుంది. మరిగే ద్రవం పద్ధతికి బెంగళూరులో నాకు కనిపించే బలమైన సమర్థన ఇదే, పంపు కరెంటు ఆదా దీని తర్వాతే. ఖర్చు లేదని కాదు. ఫ్యాన్లు, స్థలం, చప్పుడు పెరుగుతాయి. హైదరాబాదులో వేసవి 43 డిగ్రీలు తాకుతుంది కాబట్టి తేడా తగ్గి రేడియేటర్లు ఇంకా పెద్దవి కావాలి.

విశాఖపట్నంలో ఈ ప్రశ్న గిగావాట్ల కొలతలో రాబోతోంది. అక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ డేటా కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఒక గిగావాటు వేడినంతా ఆవిరి రూపంలో వదిలితే రోజుకు మూడున్నర కోట్ల లీటర్లు, రెండున్నర లక్షల మందికి పైగా సరిపోయే నీరు. సముద్రతీరపు తేమ గాలిలో కూలింగ్ టవర్ పట్టు కూడా తగ్గుతుంది. అనుమతి పత్రాల్లో మెగావాట్లూ ఎకరాలూ ఎలాగూ రాస్తారు. ఆ పక్కనే మరో మూడు అంకెలు రాయించాలి: చిప్పు నుంచి తిరిగొచ్చే ద్రవం ఎన్ని డిగ్రీల్లో ఉంటుంది, యూనిట్ కరెంటుకు ఎన్ని లీటర్ల నీరు ఆవిరవుతుంది, వాడే ద్రవం ఏ ఏడాది దాకా చట్టబద్ధంగా దొరుకుతుంది.